లేత తోలు చెర్నాకోల

వెర్లన్ టిల్లిస్ ఒకచోట కుదురుగా కూర్చుని ఉండగా చూసినవారు కిసిమీ నది పడమటి గట్టున ఒక్కరూ లేరు. ఆదివారం ప్రార్థనలో అతడు వెనుక గోడకు ఆనుకొని నిలబడేవాడు. బోధకుని ప్రసంగం సాగిన కొద్దీ అతని బూటు మడమ నేలను తట్టడం మొదలుపెట్టేది. కాఫీ చల్లారేదాకా ఓపిక పట్టలేక సాసరులో పోసుకొని, నిలబడే, రెండు గుక్కలలో ముగించేవాడు. పెళ్లినాడు విందు బల్ల మీద వాలుగ చేప వేపుడు వడ్డిస్తూ ఉండగానే, దొడ్డిలో తొలిచూలు ఆవు ఈనలేక అవస్థ పడుతున్నదని విని, కొత్త కోటుతోనే లేచి వెళ్లాడు. దూడ బ్రతికింది, కోటు ఎందుకూ పనికిరాకుండా పోయింది. పెళ్లికూతురు ఐడెల్ తన పళ్లెంతోపాటు అతని పళ్లెం కూడా ఖాళీ చేసి, అప్పటినుండి ఆ సంగతిని నలుగురు కూడిన ప్రతిచోటా చెబుతూ వస్తున్నది.

"ఆ రోజే తెలిసింది నాకు, ఈ మనిషి అరికాళ్లలో చీమలున్నాయని. మా అమ్మ అప్పటికీ అడిగింది, ఇప్పుడైనా మానేద్దామా అని. చేప బాగుందని ఊరుకున్నా," అనేది.

మందను తోలే పనిలో మాత్రం ఆ గుణం వెర్లన్‌కు మేలే చేసింది. ఏటా మార్చి నెలలో, పొట్టి తాటి పొదలలోనూ చిత్తడి మడుగుల వెంబడినీ చెదిరి ఉన్న పశువులను దొడ్లకు చేర్చే మంద పోగులో, హాస్కెల్ క్రమ్ అనే యజమాని పశువుల పొలం తరఫున అందరికంటె ముందు నడిచే గుర్రం అతనిదే. ముందరి ఆవు పక్కదారి పట్టాలని తలచే లోపలే ఆ సంగతి అతని మోకాళ్లకు తెలిసేది. దాని చెవికి బారెడు దూరాన గాలిలో చెర్నాకోలను ఒక్కసారి ఛెళ్లుమనిపిస్తే ఆ ఆవూ, దాని వెనుక ఉన్న మందా తిరిగి దారిలోకి వచ్చేవి. తోలు పశువు ఒంటిని తాకరాదు. తాకించినవానిని హాస్కెల్ మరునాడు పనికి పిలిచేవాడు కాదు.

ఆ చెర్నాకోల ఐడెల్ తండ్రి అల్లినది. నారింజ చెక్క పిడి, దానికి కట్టిన పొడవాటి తోలు జడ. వెర్లన్ అరచేతి చెమటకూ, జంతువుల కొవ్వుకూ, ఎండకూ ఏళ్ల తరబడి ముదిరి, కాగిన చెరకు పాకం రంగు తేలి ఉండేది. కిందటి శరదృతువులో వాగు పొంగినప్పుడు, నీరు తీసేదాకా ఆగుదామని తోటివారు ఎంత చెప్పినా వినిపించుకోక, వెర్లన్ గుర్రాన్ని ప్రవాహంలోకి దింపాడు. గుర్రం అవతలి ఒడ్డుకు చేరింది. కొట్టుకువస్తున్న తాటిమొద్దును కౌగిలించుకొని వెర్లన్ కూడా చేరాడు. చెర్నాకోల చేరలేదు. నీరు తీసిన తరువాత అతడు బురదలో మోకాలి లోతున దిగి చాలాకాలం వెతికాడు గాని, ఫలితం లేకపోయింది.

"పోతే పోయిందిలే. నువ్వు పోలేదుగా," అన్నది ఐడెల్.

"మీ నాన్న అల్లింది."

"నాన్న లేడు. నేనున్నాగా. నేనల్లుతా."

ఆ మాట అంటున్నప్పుడు ఆమె తన చేతులను ఎప్రాను కింద దాచుకున్నది. అప్పటికే ఆమె వేళ్ల కణుపులు ఉబ్బి, ఒక్కొక్క వేలు ఒక్కొక్క వైపుకు వంకర తిరుగుతూ ఉన్నది. ఓకీచోబీలోని వైద్యుడు అల్లిక పని కట్టిపెట్టమని చెప్పి కూడా కొంతకాలమైంది. అయినా ఆ శీతాకాలమంతా ఐడెల్ ఉదయాన్నే వేడినీటి గిన్నెలో చేతులు ముంచి, వేళ్లు కాస్త వంగగానే వసారా స్తంభానికి కొట్టిన కొక్కెం ముందు కూర్చునేది. ఓక్ బెరడు నానిన నీటిలో తాను స్వయంగా ఊరవేసిన దూడతోలు అది. ముందు సన్నని లోపలి జడ, దాని మీదుగా ఎనిమిది పాయల పైజడ. ఒకనాడు జానెడు సాగేది, మరొకనాడు ఒక్క వరుస కూడా సాగేది కాదు. ఫిబ్రవరి చివరలో చివరి ముడి పడింది. పాయను దవడ పళ్లతో పట్టి లాగి వేసిన ముడి అది.

"ఇదే ఆఖరుది," అన్నది ఆమె, పిడిని అతని చేతిలో పెడుతూ. "నా వేళ్లకి ఇంక ఓపిక లేదు. దీన్ని పాడు చేశావంటే ఇంకోటి ఉండదు. వింటున్నావా?"

"వింటున్నా."

"వినట్లేదు. గుమ్మం వైపు చూస్తున్నావు."

కొత్త జడ అప్పుడే చిలికి తీసిన వెన్న రంగులో ఉన్నది. బజారులో దొరికే చెర్నాకోలలకు రంగు అద్ది అమ్ముతారు; ఆ పద్ధతి ఐడెల్ ఇంట్లో లేదు. రంగు బూట్లకు పూసుకోవాలని, చెర్నాకోలకు అది వాడకంలో రావాలని ఆమె తండ్రి అభిప్రాయం. ఆ ప్రకారమే ఆమె అన్నీ విడమరచి చెప్పింది. కొవ్వులో కాస్త తేనెమైనం కలిపి, బఠాణీ గింజంత తీసుకొని, అరచేతుల మధ్య వేడెక్కించి, జడ పొడవునా పలచగా ఒక్కసారి రాయాలి. పొడిగుడ్డతో తుడిచివేయాలి. పొద్దుటి లేత ఎండలో వసారా కమ్మీ మీద ఆరవేసి, ఎండ చురుక్కుమనే లోపల తీసివేయాలి. చుట్టచుట్టి మేకుకు తగిలించరాదు. పిడి పైకి ఉండేలా నిలువునా వేలాడదీయాలి. సాయంత్రం ఇసుకలో నెమ్మదిగా విసిరి, జడకు వంగడం అలవాటు చేయాలి. శబ్దం కోసం తొందరపడరాదు.

"ఆ తరవాత?"

"తరవాత ఏం లేదు. దాని మానాన దాన్ని వదిలెయ్యి."

వెర్లన్‌కు చేతగానిది అదొక్కటే.

అందులోనూ మంద పోగు దగ్గర పడుతున్నది. ఆ పొలంలో ఒక కట్టుబాటు ఉన్నది. లేతరంగు జడ పట్టుకొని వచ్చినవాడు, వాడెవడైనా సరే, ఆ ఏడు మందకు వెనుక నడవాలి. కొత్త తోలు ఎప్పుడు పలుకుతుందో, ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు కనుక ముందరి ఆవును దాని మీద వదలరాదని పెద్దలు ఏనాడో నిర్ణయించారు. వెనుక నడిచేవానికి దక్కేది దుమ్ము, పేడ, నడవలేని దూడలు. వెర్లన్ మీసం రాని వయసులో ఒక్క ఏడు అక్కడ నడిచాడు. ఆ తరువాత ఎన్నడూ ఆ దుమ్ము రుచి చూడలేదు.

పశువుల దాణా దుకాణం ముందు రేబర్న్ ఎదురుపడి, తన ట్రక్కు కిటికీలోంచి తల బయట పెట్టాడు. మందకు కుడివైపున నడిచేవాడు రేబర్న్. వెర్లన్ వెనక్కు పోతే ముందుకు వచ్చేవాడు అతడే.

"అన్నా, నీ చెర్నాకోలకి ఇంకా పాలపళ్లు ఊడలేదంట కదా!"

"ఊడతాయిలే. నీ నోట్లోవి జాగ్రత్త."

"ఈ ఏడు వెనకాల నడుస్తావేమోనని మా ఆవిడ నీకోసం ముక్కుగుడ్డ కుడుతోంది. పువ్వులున్నది కావాలా, గళ్లది కావాలా?"

దుకాణం అరుగు మీద ఉన్నవారందరూ నవ్వారు. వెర్లన్ కూడా నవ్వి, కొనవలసిన ఉప్పుదిమ్మ కొనడం మరచి ఇంటికి వచ్చాడు.

ఆనాటినుండి అతని మనస్సు వసారా కమ్మీని విడిచిపెట్టలేదు. పొద్దున్నే లేచి జడ రంగు చూసేవాడు. కంచె బాగుచేయడానికి వెళ్లి, సగం తీగ బిగించి, తిరిగి వచ్చి చూసేవాడు. నీడలో చూస్తే కాస్త ముదిరినట్లు, ఎండలో చూస్తే నిన్నటికంటె లేతగా మారినట్లు తోచేది. వంటింట్లోంచి ఐడెల్ గొంతు వినిపించేది:

"అది గుడ్డు కాదయ్యా, పొదగడానికి! వచ్చి సంకటి తిను."

మంద పోగుకు వారం ఉందనగా, ఆర్కేడియాలో ఉన్న ఐడెల్ చెల్లెలికి శస్త్రచికిత్స జరిగినట్లు కబురు వచ్చింది. ఐడెల్ బస్సు ఎక్కుతూ మెట్టు మీద ఆగి, భర్తను తేరిపార చూసింది.

"కోళ్లకి గింజలు వెయ్యి. కుక్కలకి నీళ్లు పెట్టు. చెర్నాకోల జోలికి పోకు."

"పోను."

ఆ రోజు, ఆ మరునాడు అతడు మాట నిలబెట్టుకున్నాడు. గేటు తలుపు సరిచేశాడు, బావి గిలకకు గ్రీసు పెట్టాడు, ఎవరూ అడగకుండానే కోళ్లగూడును ఇటునుండి అటు మార్చాడు. పిమ్మట జీనుకు నూనె పట్టించడానికి కొట్టంలోకి వెళ్లాడు. పశువుల గిట్టల నుండి కాచిన నూనె అది. ఎండి బిరుసెక్కిన జీను నూనెను చూస్తుండగానే తాగేసి, గంటలోనే నల్లబడి నిగనిగలాడింది. వెర్లన్ ఆ జీను వైపు చూశాడు. వసారా వైపు చూశాడు. జీనూ తోలే, జడా తోలే. దీనికి పట్టింది దానికి మాత్రం పట్టకూడదా?

జీను ఒక్క దళసరి తోలు ముక్క అనీ, జడ ఒకదానినొకటి బిగించి పట్టుకొన్న పాయల కూర్పు అనీ అతనికి తెలియకపోలేదు. తెలిసిన సంగతి తలుపు తట్టి లోపలికి వచ్చే లోపలే అతడు నూనెను పెనంలో పోసి పొయ్యి మీద పెట్టాడు. గోరువెచ్చనైన నూనెలో జడను చుట్టగా చుట్టి ముంచాడు, తిరగవేసి ముంచాడు. తీసి, నూనె కారుతూ ఉండగానే నిచ్చెన ఎక్కి, కొట్టం రేకుల కప్పు మీద మిట్టమధ్యాహ్నపు ఎండలో చాచి పరిచాడు.

పొద్దు వాలేసరికి జడ చెరకు పాకం రంగు తేలింది. వెర్లన్ ఆనందంతో కుక్కలన్నిటినీ పేరుపేరునా పిలిచి చూపించాడు.

మరునాటి ఉదయం అతడు పిడి పట్టుకొని ఎత్తాడు. నిన్నటిదాకా విల్లులా వంగి, మళ్లీ తనంతట తాను సాగే జడ, నేడు చచ్చిన మలుగుపాములా వేలాడింది. పట్టుకుంటే మెత్తగా, ఉబ్బినట్లు, చల్లగా తగిలింది. పాయల మధ్య గోరు పెడితే లోపలికి దిగింది. ఇసుకలోకి వెళ్లి విసిరాడు. ఛెళ్లుమనలేదు. తడిబట్టను బండ మీద వేసినట్లు ధబ్బుమన్నది. కొట్టం నీడలో పడుకొన్న ముసలి కుక్క తల ఎత్తి అతని వంక చూసి, మళ్లీ తల వాల్చుకొన్నది.

మిగిలిన రోజులలో వెర్లన్ చేయని ప్రయత్నం లేదు. దాణా తొట్టిలో మొక్కజొన్న పిండి పోసి జడను అందులో పూడ్చాడు. పిండి నూనెను పీల్చి ముద్దలు కట్టింది. ఆ ముద్దలు తీసి కొత్త పిండి పోశాడు. ఏ పూటకాపూట తవ్వి చూడకుండా ఉండలేకపోయాడు. కోళ్లు ఆ తొట్టి చుట్టూ జాతర చేశాయి. జిడ్డు కొంత తగ్గింది గాని, సాగిన పాయలు మునుపటి బిగువుకు రాలేదు. కాలుగాలిన పిల్లిలా అతడు కొట్టానికీ ఇంటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాడు. ఆమె దవడ పళ్లతో లాగి వేసిన ఆ చివరి ముడి కంటబడినప్పుడల్లా చూపు మరల్చుకునేవాడు.

మంద పోగుకు ముందునాటి సాయంత్రం ఐడెల్ తిరిగి వచ్చింది. బస్సు కుదుపులకు ఆమె చేతులు ఇంకా వాచి ఉన్నాయి.

"చెర్నాకోల ఎలా ఉంది?"

"రంగు బాగానే తిరిగింది."

అబద్ధం అల్లడానికి కూడా ఓపిక లేని మనిషి కనుక అతడు ఏనాడూ ఆమెతో అబద్ధం చెప్పి ఎరుగడు. ఆమె నమ్మి, పక్క మీద వాలింది.

తెల్లవారగానే దొడ్డి ముందు గుర్రాలు బారులు తీరాయి. హాస్కెల్ క్రమ్ ఎప్పటిలాగే ఒక్కొక్కరి చెర్నాకోలనూ చూస్తూ వచ్చి, వెర్లన్ దగ్గర ఆగాడు.

"ఇంత తొందరగా ఎలా ముదిరిందోయ్?"

"ఎండలు బాగా కాశాయి."

రేబర్న్ తన గుర్రాన్ని దగ్గరకు తెచ్చి, మెడ చాచి గాలి పీల్చాడు. "ఎండకి గిట్టల నూనె వాసన వస్తుందా అన్నా? మా ఇంటి మీద కాసే ఎండకి వాసనే ఉండదే!"

"నువ్వు స్నానం చేస్తే తెలుస్తుంది ఏ వాసన ఎవరిదో," అన్నాడు వెర్లన్. గుంపు గొల్లుమన్నది.

హాస్కెల్ నవ్వలేదు. జడను వేలితో తాకి చూడనూ లేదు. ఇన్నేళ్లుగా ముందు నడిచినవాని చేతిలోని వస్తువును అనుమానించడం ఆయనకు నచ్చి ఉండదు. "చీకటి విచ్చింది. పదండి. వెర్లన్, ముందు నువ్వే."

మంద వాగు రేవుదాకా సవ్యంగానే వచ్చింది. ముందు నడుస్తున్నది చెవి చిరిగిన చారల ఆవు. రేవు దగ్గర నీటిని చూసి, అది ఎడమవైపు పొదల మీదకు తల తిప్పింది. తిప్పబోతున్నదని వెర్లన్‌కు ముందే తెలిసింది. చేయి ఎత్తాడు, మణికట్టు తిప్పాడు. ఎన్ని వేలసార్లు చేసిన పనో అది. జడ గాలిలో బద్ధకంగా లేచి, మధ్యలోనే మడతపడి, ధబ్బుమని నేల మీద పడింది. ఆవు చెవి కూడా కదపలేదు. అతడు మళ్లీ విసిరాడు, ఈసారి ఉన్న బలమంతా పెట్టి. పిడికి మూరెడు దూరంలో ఏదో పుటుక్కుమన్నది. చారల ఆవు పొదలలో దూరింది. దాని వెనుక మంద అంతా, పొద్దుటినుండి పోగుచేసినదంతా, పగిలిన కుండలోని నీరులా నలువైపులా పారింది.

వెర్లన్ జడను చేతిలోకి తీసుకొన్నాడు. పైజడలో ఒక పాయ తెగి, తల పైకెత్తి ఉన్నది. ఆ సందులోంచి లోపలి జడ వెన్న రంగులో కనబడుతున్నది.

హాస్కెల్ వచ్చి గుర్రం ఆపాడు. "అది చెర్నాకోలా, తడి తువ్వాలా?"

"నా తప్పే."

"తప్పు సంగతి తరవాత. ఆవులు పొదల్లో ఉన్నాయి. రేబర్న్ ముందుకెళ్తాడు. నువ్వు ఎవరి దగ్గరైనా ఇంకోటి తీసుకుని వెనక్కి పో."

"నేను ఇంటికి పోతా, హాస్కెల్."

"ఏంటీ?"

"దీన్ని ఆవిడకి చూపించాలి."

మంద పోగు నడుమ వెర్లన్ టిల్లిస్ ఇంటికి పోవడం ఇదే మొదలు. రేబర్న్‌కు కూడా ఆ క్షణాన హాస్యం తోచలేదు.

ఐడెల్ వసారాలో వేడినీటి గిన్నెలో చేతులు పెట్టుకొని కూర్చుని ఉన్నది. వెర్లన్ మెట్టు కింద నిలబడి, చెర్నాకోలను రెండు చేతుల మీదా పెట్టి ముందుకు చాచాడు. నూనె సంగతి, పెనం సంగతి, రేకుల సంగతి, ఏదీ దాచకుండా చెప్పాడు. చెబుతున్నంతసేపూ అతని మడమ నేలను తడుతూనే ఉన్నది.

ఆమె తడిచేతులు ఎప్రానుకు తుడుచుకొని, జడను ఒళ్లోకి తీసుకొని, బొటనవేలితో పొడవునా నొక్కుతూ వెళ్లింది.

"తిట్టు," అన్నాడతడు.

"తిట్టడానికి తీరిక లేదు. నోరు మూసుకో, చూడనీ." తెగిన చోట వంగి వాసన చూసింది. "లోపలి జడకి ఇంకా జిడ్డు పూర్తిగా దిగలేదు. బిగువు ఉంది. పైది మాత్రం పోయింది. ఇప్పుడే పైజడ విప్పేసి కొత్త పాయలు అల్లితే లోపలిది దక్కుతుంది. ఆలస్యం చేశావంటే అదీ ఇదీ రెండూ పోతాయి."

"అయితే అల్లు."

ఐడెల్ తన కుడిచేతిని అతని ముఖం ముందు పెట్టి, పిడికిలి బిగించబోయింది. వేళ్లు సగం దూరం వచ్చి ఆగిపోయాయి.

"దీంతోనా?"

వెర్లన్ ఒక మెట్టు పైకెక్కాడు.

"నువ్వల్లాలి," అన్నది ఆమె. "నేను చెప్తా. బల్ల మీద కూర్చో."

"నాకు రాదే."

"నాకూ పుట్టగానే రాలేదు. కూర్చో ముందు."

మిగిలిన దూడతోలు పెట్టె అడుగున ఉన్నది. అంచు వెంబడి గుండ్రంగా తిప్పుతూ పొడవైన పాయలు కోయాలి. వెర్లన్ మొదటి పాయను గడ్డికోసినట్లు కోశాడు. అది మధ్యలో సన్నబడి తెగింది.

"ఇంకొక్కటి అలా తెగిందా, తోలు చాలదు," అన్నది ఐడెల్. "కత్తిని కదపకు. తోలును లాగు. ఆవు వెంట పరిగెత్తే పని కాదిది."

అతడు కత్తిని బల్లకు గుచ్చి, తోలును లాగాడు. మెడ మీద చెమట కారి చొక్కాలోకి దిగింది. మిగిలిన పాయలు తెగకుండా వచ్చాయి. వాటికి కొవ్వూ సబ్బూ కలిపి కాచిన ముద్ద పట్టించి, నూనె తాగిన పాత పాయలను విప్పి పక్కన పడేసి, లోపలి జడను కొక్కేనికి తగిలించి అల్లిక మొదలుపెట్టాడు.

"కింద నుంచి తీసి రెండిటి మీదుగా. అది కాదు, పక్కది. లాగు. లాగమంటే నిమిరినట్టు కాదు, లాగు! ఆ, ఇప్పుడు వదలకు. రెండో చేత్తో అవతలిది పట్టుకో."

"ముక్కు దురద పెడుతోంది."

"పెట్టనీ."

అల్లిక మూరెడు సాగేసరికి మధ్యాహ్నమైంది. దూరాన పొదల అవతలినుండి చెర్నాకోలల శబ్దాలు వినిపిస్తున్నాయి. ఏ శబ్దం ఎవరిదో వెర్లన్‌కు తెలుసు. రేబర్న్‌ది మాటిమాటికీ వినిపిస్తున్నది. అన్నిసార్లు కొట్టవలసి వస్తున్నదంటే పని సాగడం లేదన్నమాట. అతని మడమ బల్ల కాలిని తట్టసాగింది. ఐడెల్ తన కాలితో దానిని తొక్కిపట్టింది.

కొంతసేపటికి రేబర్న్ ట్రక్కు దుమ్ము రేపుకుంటూ వచ్చి వాకిట్లో ఆగింది. అతడు దిగి, టోపీ తీసి ఐడెల్‌కు నమస్కరించాడు.

"వదినా, క్షమించాలి. అన్నా, హాస్కెల్ పంపాడు. మందని మళ్లీ పోగేశాం గాని, ఆ చారల ముండ రేవు దగ్గర మొండికేసింది. మంద మొత్తం దాని వెనకాలే నిలబడిపోయింది. నా మాట లెక్కే చెయ్యట్లేదు." తన చెర్నాకోలను ముందుకు చాచాడు. "ఇది తీసుకో. వాసన కూడా లేదు. ముందుకు వచ్చెయ్యి, కట్టుబాటు సంగతి నేను చూసుకుంటానన్నాడు హాస్కెల్."

వెర్లన్ సగం లేచాడు. రెండు చేతులలోనూ బిగించిన పాయలు ఉన్నాయి.

"ఇప్పుడు వదిలితే ఏమవుతుంది?" అని భార్యను అడిగాడు.

"పాయలు ఆరిపోతాయి. ఆరినవి మళ్లీ బిగవు. తోలు ఇంక లేదు."

"నువ్వు కాసేపు పట్టుకో."

ఐడెల్ ముందుకు వంగి పాయలు అందుకొన్నది. అతడు వేళ్లు సడలించగానే ఒక పాయ ఆమె పట్టులోంచి జారింది. అల్లిన వరుస నోరు తెరిచింది. ఆమె మళ్లీ బిగించబోయి, నొప్పికి పెదవి కొరుక్కొన్నది. "నావల్ల కావట్లేదు," అన్నది. ఆమె నోట అటువంటి మాట అతడు మునుపు విని ఎరుగడు. పొద్దుటినుండీ నిబ్బరంగా ఉన్న ఆమె కళ్లలో ఆ ఒక్క మాటతో నీరు తిరిగింది.

వెర్లన్ కూర్చున్నాడు. జారిన పాయను అందుకొని లాగి బిగించాడు.

"రాను, రేబర్న్."

"నిజంగానా? ముందు చోటయ్యా!"

"రానన్నాగా. ఆ ఆవుని కొట్టి కొట్టి విసిగించకు. మనుషుల్ని రేవు నుంచి వెనక్కి జరపమను. నువ్వు దాని ఎదురుగా గుర్రం ఆపి ఊరికే నిలబడు. అదే దిగుతుంది."

"ఎంతసేపు నిలబడాలి?"

"అది దిగేదాకా."

రేబర్న్ నోరు తెరిచి, ఐడెల్ వైపు తిరిగాడు. "వదినా, ఈయనకి జ్వరమేమైనా ఉందా? ఓపిక పట్టమంటున్నాడు నన్ను!"

"పొద్దుటి నుంచీ కూర్చోబెట్టా. తలకెక్కినట్టుంది," అన్నది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

ట్రక్కు వెళ్లిపోయింది. వెర్లన్ అల్లుతూనే ఉన్నాడు గాని చెవులు రెండూ వాగు వైపే ఉన్నాయి. చెర్నాకోలల శబ్దం ఆగిపోయింది. చాలాసేపు ఏమీ వినిపించలేదు. ఆవు దిగిందా, మంద మళ్లీ చెదిరిందా? తాను అక్కడ ఉంటే ఈపాటికి తేలిపోయేది. పిక్కలలో నరాలు మెలితిరుగుతున్నట్లు అనిపించింది. పిమ్మట దూడల అరుపులు లేచాయి. ఒకే దిక్కుగా, దొడ్ల వైపుగా సాగాయి. మంద వాగు దాటింది. అతడు లేకుండానే దాటింది.

ఐడెల్ వేలి కణుపుతో అతని మణికట్టు మీద కొట్టింది. "ఎక్కడున్నావు? ఇది చూడు, రెండు వరుసలు వదులైపోయాయి. విప్పు."

"బాగానే ఉన్నాయిగా."

"విప్పమన్నానా!"

అతడు విప్పి, మళ్లీ అల్లాడు.

జడ చివరకు వచ్చేసరికి వసారా నీడ వాకిలి దాటింది. ఐడెల్ దానిని నేల మీద పరిచి, పైన చెక్క పెట్టి, పాదంతో ముందుకూ వెనక్కూ దొర్లించింది. పిమ్మట ఒళ్లో పెట్టుకొని బొటనవేలితో నొక్కి చూసింది. పైజడ అక్కడక్కడ ఎగుడుదిగుడుగా ఉన్నది. మొదటి మూర మరీ వికారంగా ఉన్నది. అయినా పిడి పట్టి ఎత్తగానే జడ విల్లులా వంగి, తనంతట తాను సాగింది.

"దక్కింది," అన్నది ఆమె. "ఇది చూసి నేనల్లానని మాత్రం ఎవరికీ చెప్పకు. పరువు పోతుంది."

"ఎవరైనా అడిగితే?"

"లోపలిది నాదని చెప్పు."

వెర్లన్ ఆ వెన్న రంగు జడను చూశాడు. "రేపు దీంతో వెనకాల దుమ్ము తినాలి."

"తిను. ఒంటికి మంచిది."

అతడు మెల్లగా లేచాడు. పొద్దుటినుండి కదలని కాళ్లు తిమ్మిరెక్కి మొద్దుబారడంతో స్తంభం పట్టుకోవలసి వచ్చింది. అటు ఒక కాలు, ఇటు ఒక కాలు విదిలించి, మెట్టు మీద అడుగు పెట్టబోయాడు.

"ఎక్కడికి?"

"గుర్రానికి నీళ్లు..."

"నీళ్లు నేను పెడతా. చివర ముడి ఎవరేస్తారు? నా పళ్లు కూడా కదులుతున్నాయి ఈ మధ్య. కూర్చో."

"మళ్లీనా?" అన్నాడు వెర్లన్ టిల్లిస్, దీనంగా. అని కూర్చున్నాడు.